బీరువాలోని వెండి రూపాయి – విలువ కట్టడం ఎలా?

(హఫీజ్‌పేటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డీఏ బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు “మీకు పాత నాణేల పిచ్చి ఉంది కదా, దాని గురించి చెప్పండి” అన్నారు. పిచ్చి అన్న మాట నేను కాదనను. కానీ నేను ఒప్పుకున్నది సరదా కోసం కాదు. ఈ మధ్య మనవాళ్ల ఇళ్లలో రెండు రకాల నష్టాలు చూస్తున్నాను. ఒకటి, నాయనమ్మల నాటి వెండి రూపాయలను అందులో ఏమున్నదో కూడా చూడకుండా తూకానికి అమ్మేయడం. రెండోది, ఏ విలువా లేని బిళ్లను చేతిలో పెట్టుకుని, దానికి లక్షలు వస్తాయని ఫోన్‌లో ఎవరో చెబితే నమ్మి ఎదురు డబ్బు కట్టడం. మొదటిదానిలో పోయేది పెద్దల ఆస్తి. రెండోదానిలో పోయేది మన పెన్షన్. ఈ రెండింటికీ మందు ఒక్కటే. చేతిలో ఉన్న నాణెం ఏది, ఎంత అరిగింది, అలాంటివి ఎన్ని మిగిలాయి అన్నది మనకు మనం తెలుసుకోవాలి.

ముందుగా మన ఇళ్లలో ఉండేవి ఏ రూపాయలో చూద్దాం. ఈ ప్రాంతంలో పుట్టినవారికి చిన్నప్పుడు పెద్దల నోట రెండు మాటలు వినిపించి ఉంటాయి. ఒకటి హాలీ, రెండోది కల్దార్. హాలీ సిక్కా అంటే నిజాం ప్రభుత్వపు రూపాయి. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ నాణేల వ్యవస్థను చక్కబెట్టిన కాలంలో ఆ పేరు వాడుకలోకి వచ్చింది. కల్దార్ అంటే యంత్రం మీద కొట్టినది, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయి. పాత సర్వీసు రిజిస్టర్లు చూసినవారికి జీతం పక్కన ఓ.ఎస్. అనీ, ఐ.జి. అనీ రాసి ఉండడం గుర్తుండే ఉంటుంది. ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా. ఐ.జి. అంటే ఇండియా గవర్నమెంటు రూపాయి. నూరు కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. క్లుప్తంగా చెప్పాలంటే ఏడు హాలీలకు ఆరు కల్దార్లు.

ఈ ఏడుకు ఆరు అన్న లెక్క ఎక్కడిదో వెండిలోనే కనబడుతుంది. 1835 నుంచి కంపెనీవారు, తర్వాత రాణీగారి ప్రభుత్వం కొట్టిన రూపాయి బరువు 180 గ్రెయిన్లు. అంటే సరిగ్గా ఒక తులం, నేటి కొలతలో 11.66 గ్రాములు. అందులో వెయ్యికి 917 పాళ్లు వెండి. కాబట్టి ఒక్కో రూపాయిలో సుమారు 10.69 గ్రాముల మేలిమి వెండి ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి బరువు 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్లు వెండి. అందులో మేలిమి 9.14 గ్రాములు. ఇప్పుడు హెచ్చవేయండి. ఆరు కల్దార్లలో 64 గ్రాములు, ఏడు హాలీల్లోనూ 64 గ్రాములే. కొసరు పాయింట్లు తప్ప తేడా లేదు. ఈ లెక్క మీరు ఇంటికి వెళ్లి మనవడి చేత వేయించండి. వాడికి భిన్నాలు వస్తాయి, మీకు నాణెం అర్థమవుతుంది.

మూడో రకం 1940 తర్వాత వచ్చిన ఆరో జార్జి రూపాయి. యుద్ధకాలంలో వెండి కరువై, అందులో వెండిని సగానికి తగ్గించారు. మిగతా సగం రాగి, నికెల్, జింకు. బరువు అదే 11.66 గ్రాములు, కానీ మేలిమి 5.83 గ్రాములే. 1947లో వచ్చినదైతే నికెల్ రూపాయి, వెండి లేనే లేదు. చూడడానికి మాత్రం ఇవే మిగతావాటి కన్నా కొత్తగా ఉంటాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా దగ్గరి బంధువుల ఇంట్లో తల్లి పోయాక పెట్టెలో 36 వెండి రూపాయలు దొరికాయి. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. మనిషికి 12 చొప్పున పంచుకున్నారు. పెద్దాయనకు విక్టోరియా, అయిదో జార్జి బొమ్మలవి వచ్చాయి. రెండో ఆయనకు చార్మినార్‌వి వచ్చాయి. “ఆడపిల్ల కదా, మెరిసేవి తీసుకోనీ” అని చెల్లెలికి 1944, 1945 నాటివి ఇచ్చారు. ఇచ్చినవారి మనసులో కల్మషం లేదు. కానీ వెండి లెక్కన పెద్దాయన వాటా 128 గ్రాములు, రెండో ఆయనది 110 గ్రాములు, చెల్లెలిది 70 గ్రాములు. ఆ అమ్మాయి భర్త తూకం వేయించుకుని వచ్చాక మాట పట్టింపు మొదలై, సంవత్సరీకానికి కూడా రాకుండా పోయే పరిస్థితి వచ్చింది. నన్ను పిలిచారు. అన్నీ బల్ల మీద పోయించి, రకానికి ఒక కుప్ప పెట్టి, ఒక్కో కుప్పలోంచి ముగ్గురికీ పంచాం. ఒక్క నాణెం మాత్రం పక్కన పెట్టాం. అది 1911 నాటిది. దాన్ని అమ్మి సొమ్ము మూడు భాగాలు చేసుకోమన్నాను. దాన్నెందుకు పక్కన పెట్టామో చెబుతాను.

అయిదో జార్జి పట్టాభిషేకం తర్వాత 1911లో వచ్చిన రూపాయి మీద, రాజుగారి అంగవస్త్రంపై ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడడంతో అది పందిలా ఉందని జనంలో పుకారు లేచింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ నాణేన్ని ఆపి, టంకశాలలో ఉన్నవాటిని కరిగించి, 1912 నుంచి ఏనుగు బాగా కనిపించేలా అచ్చు మార్చింది. అప్పటికే బయటకు వెళ్లినవి కొన్ని మిగిలాయి. దీన్ని నాణేలవాళ్లు పిగ్ రూపీ అంటారు. 1911 రూపాయిలోనూ, 1912 రూపాయిలోనూ ఉన్న వెండి ఒక్కటే. కానీ సేకరించేవాడు మొదటిదానికి ఎక్కువ ఇస్తాడు. అంటే వెండి విలువ అనేది నేల. దాని కింద పడడానికి లేదు. ఆ పైన ఎన్ని అంతస్తులు లేస్తాయన్నది ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి అన్న రెండు సంగతుల మీద ఆధారపడుతుంది.

పాతదైతే చాలు విలువ ఎక్కువని చాలామంది అనుకుంటారు. కాదండీ. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయి తీసుకోండి. 1874 వరకూ అదే సంవత్సరం వేసి కొడుతూ పోయారు, చుక్కలు మాత్రం మార్చారు. కాబట్టి ఎంత పాతదైనా విరివిగానే దొరుకుతుంది. అదే 1939 నాటి ఆరో జార్జి రూపాయి వయసులో దానికి మనవడి వంటిది. అయినా పాత మేలిమితో ఆ సంవత్సరం బయటకు వచ్చినవి చాలా కొద్ది. అందుచేత దాని ధర ఎక్కువ, దొంగవీ అన్నే ఎక్కువ. 1938 నాణెం మీద ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసేవారు కొందరు. మొత్తం పోతపోసేవారు కొందరు. ఎవరైనా 1939 రూపాయి చూపిస్తే ముందు దాన్ని తూకం వేయండి. తర్వాత భూతద్దంలో చివరి అంకె చుట్టూ గీతలున్నాయేమో, అంచు చుట్టూ పోత అతుకు కనబడుతుందేమో చూడండి. ఇవన్నీ బాగున్నా సరే, తెలిసినవారికి చూపించకుండా కొనకండి.

ఇక అమెరికా సంగతి. మన పిల్లలు అక్కడ ఉన్నారు కాబట్టి అక్కడి పాత డాలర్ల గురించి కూడా చెప్పమని కొందరు అడిగారు. అమెరికాలో మొదటి వెండి డాలర్ 1794లో ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టారు. మొత్తం 1,758 మాత్రమే. దాని బరువు 26.96 గ్రాములు, మన రెండు రూపాయల కన్నా ఎక్కువ. జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి తల ఒకవైపు, గద్ద రెండో వైపు ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా మంచి స్థితిలో ఉన్న ఒక డాలర్ 2013 జనవరిలో వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది. తమాషా ఏమిటంటే, ఆ నాణెం నడుమ ఒక వెండి బొడిపె దిగగొట్టి ఉంటుంది, ఆకురాయి గీతలు కూడా ఉంటాయి. బిళ్ల బరువు తగ్గితే బొడిపె పెట్టేవారు, ఎక్కువైతే ఆకురాయితో రాసేవారు. ఆ తర్వాతే ముద్ర కొట్టేవారు. కాబట్టి అది టంకశాలలో జరిగిన పని, తర్వాత ఎవరో చేసిన గాయం కాదు. రెండింటి మధ్య తేడా తెలియడమే ఈ విద్యలో సగం.

మన పాత చేతి అచ్చు రూపాయల మీద కూడా ఇలాంటివి ఉంటాయి. యంత్రాలు రాకముందు నాటి నిజాం రూపాయల మీద చిన్న చిన్న పువ్వులు, చుక్కలు, చంద్రవంకలు గుచ్చినట్టు కనబడతాయి. అవి సరాఫుల గుర్తులు. వెండి మంచిదా కాదా అని సరాఫు పరీక్ష చేసి తన ముద్ర వేసేవాడు. వాటి వల్ల ధర కొంత తగ్గుతుంది గానీ, నాణెం నకిలీ అయిపోదు. మెడలో వేసుకోవడానికి కొట్టిన చిల్లు, అతికించిన కొంకి, గుండీగా మార్చిన కాడ మాత్రం గాయాలే. లంబాడా స్త్రీల హారాల్లో, మన ఇళ్లలో పాత మొలతాళ్లలో ఉన్న రూపాయలన్నీ ఈ కోవకు చెందుతాయి. వాటిని నగగా చూసుకోవడం మంచిది. నాణెంగా వాటి ధర వెండిని దాటి పెద్దగా పోదు.

అమెరికావారు నాణెం స్థితికి అంకెలు ఇస్తారు. షెల్డన్ అనే ఆయన అక్కడి పాత రాగి సెంట్ల కోసం 1949లో ఒకటి నుంచి డెబ్బై వరకు ఒక కొలబద్ద పెట్టాడు. ఒకటి అంటే ఫలానా నాణెమని గుర్తుపట్టడానికి మాత్రమే వీలైనంత అరుగు. డెబ్బై అంటే ఏ లోపమూ లేనిది. అరవై, ఆ పైన ఉన్నవన్నీ చెలామణిలోకి వెళ్లనివి. ఒకటో స్థాయి నాణెం ఒక డాలరైతే డెబ్బయ్యో స్థాయిది డెబ్బై డాలర్లు అన్నది ఆయన ఊహ. అది నిలవలేదు. ఈ రోజు పై మెట్లలో ఒక్క అంకె తేడాకే ధర రెండింతలూ మూడింతలూ అవుతుంది. 1986, 1987 సంవత్సరాల్లో అక్కడ రెండు పెద్ద కంపెనీలు మొదలై, నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇవ్వడం ఆనవాయితీ అయ్యింది. మన దగ్గర వేలాల్లో కూడా ఇప్పుడు ఆ డబ్బాల నాణేలు కనబడుతున్నాయి.

మన వ్యాపారులు, సేకర్తలు మాత్రం ఎక్కువగా మాటలతోనే నడుపుతారు. పైనుంచి కిందికి అన్‌సర్క్యులేటెడ్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, వెరీ ఫైన్, ఫైన్, వెరీ గుడ్, గుడ్. ఇక్కడ జాగ్రత్త. గుడ్ అంటే మంచిదని కాదు, దాదాపు అడుగున ఉన్నదని. మన కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల్లో ‘సంతృప్తికరం’ అని రాస్తే ప్రమోషన్ రానట్టే, నాణెం మీద ‘గుడ్’ అని రాస్తే దానికి వెండి ధరకు మించి పెద్దగా ఏమీ రాదు. ఏదో అరుదైన సంవత్సరమైతే తప్ప.

ఈ అరుగు చూడడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బొమ్మలో ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. విక్టోరియా రాణి నాణెంలో జడ పాయలు, కిరీటం మీది రాళ్లు, దుస్తుల మీది పూల పని చూడాలి. ఏడో ఎడ్వర్డుకు కిరీటం లేదు కాబట్టి చెవి మీది జుట్టు, గడ్డం చూడాలి. అయిదో జార్జికి అంగవస్త్రం మీది ఏనుగు. ఏనుగు కన్ను, చెవి, తొండం విడివిడిగా తెలుస్తుంటే నాణెం బాగున్నట్టు. మసకగా ముద్దలా ఉంటే నడిమి రకం. రాజుగారి బట్ట మొత్తం నున్నగా ఉంటే మన ‘గుడ్’. నాణేన్ని కిటికీ వెలుతురులో కొంచెం వాల్చి నెమ్మదిగా తిప్పండి. చెలామణికి వెళ్లనిదైతే బండి చక్రం ఆకుల్లా వెలుగు గుండ్రంగా తిరుగుతుంది. తోమి మెరిపించినదైతే అన్ని వైపులా ఒకే తెల్లటి మెరుపు వస్తుంది, సన్నటి గీతలు కనబడతాయి.

నిజాం రూపాయికి వస్తాను. ఇది మన సొంతం, కాస్త ఎక్కువసేపు చెప్పుకోవచ్చు. నగరంలో పూర్వం సుల్తాన్‌షాహీలో ఉన్న టంకశాల 1903లో సైఫాబాద్‌కు వచ్చింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి పోయింది. 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు, వీలుంటే మనవలను తీసుకెళ్లి చూపించండి. చార్మినార్ బొమ్మతో రూపాయి హిజ్రీ 1321లో, అంటే 1903–04లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మొదలైంది. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. చిన్న గుండు, దాని కింద తోక ఉంటే అది మీమ్, మహబూబ్ పేరులోని మొదటి అక్షరం. 1911 ఆగస్టులో ఆయన పోయాక ఉస్మాన్ అలీఖాన్ వచ్చారు. అప్పటినుంచి ద్వారంలో ఐన్ అక్షరం. అందులోనూ రెండు రకాలున్నాయి. మొదట్లో, హిజ్రీ 1329, 1330 నాణేల మీద ఐన్ తల మాత్రమే ఉంటుంది, నోరు తెరిచిన పిట్ట ముక్కులాగా. తర్వాత కింద పెద్ద కొక్కెంతో పూర్తి ఐన్ వేశారు. సేకరించేవారు ఈ రెండింటినీ వేరు వేరుగా లెక్కపెడతారు. మీ ఇంట్లో చార్మినార్ రూపాయలుంటే ముందు ద్వారం చూడండి.

సంవత్సరం చదవడంలో రెవెన్యూ శాఖలో చేసినవారు బోల్తా పడతారు. మనకు ఫసలీ అలవాటు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నాణెం మీద ఉన్నది ఫసలీ కాదు, హిజ్రీ. ఈ నాణేల కాలానికి 582 కలిపితే ఒక ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది. 1329కి 590 కలిపితే 1919 వస్తుంది, అది తప్పు. 1911 అన్నది సరి. అంకెలు ఉర్దూవి అయినా చదివేది ఎడమ నుంచి కుడికే. చుక్క ఉంటే సున్న. గుండె ఆకారంలోనో సున్నలానో ఉంటే అయిదు. ఇంగ్లీషు ‘వి’లా ఉంటే ఏడు, దాన్ని తిరగేస్తే ఎనిమిది. నాణెం మీద 92 అని కూడా కనబడుతుంది. అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతిలో మహమ్మద్ అన్న పేరుకు వచ్చే మొత్తం అది. నలభై, ఎనిమిది, నలభై, నాలుగు. ఈ 92ను చూసి ‘1892 నాటిది’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

కరిగించడం గురించి ఒక మాట. నాణేలు అరుదవడానికి వయసు కన్నా మూస పెద్ద కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశంలో జనం నోట్లు వద్దు, వెండి రూపాయి కావాలన్నారు. ఇంగ్లీషు ప్రభుత్వం దగ్గర వెండి లేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో ఎక్కువ భాగం వెండి ఇండియాకు వచ్చి రూపాయలయ్యింది. మీ ఇంట్లో 1918, 1919 నాటి అయిదో జార్జి రూపాయి ఉంటే అందులో అమెరికా డాలరు వెండి ఉండే అవకాశం బాగా ఉందన్నమాట. అక్కడ కొన్ని సంవత్సరాల డాలర్లు అరుదు కావడానికీ, ఇక్కడ ఆ సంవత్సరాల రూపాయలు కోట్లలో ఉండడానికీ కారణం ఒక్కటే. రెండో యుద్ధంలో మళ్లీ అమెరికా దగ్గర వెండి అప్పు తెచ్చుకుని, యుద్ధం తర్వాత మన సగం వెండి నాణేలను కరిగించి తీర్చాం.

ఇప్పుడు ఇంట్లో జరిగే నష్టం. అక్కయ్యలు, వదినలు కోప్పడవద్దు. ప్రతి శ్రావణ శుక్రవారానికీ, దీపావళికీ లక్ష్మీపూజ రూపాయలను చింతపండు పెట్టి తోముతారు. విభూతితో, పీతాంబరి పొడితో రుద్దుతారు. పులుపు పై పొరను తినేస్తుంది, పొడి గీతలు పెడుతుంది. వందేళ్లుగా ఏర్పడిన నలుపు, నీలి ఛాయ ఆ నాణేనికి చర్మం లాంటిది. తెలిసినవాడు నల్లగా ఉన్నదానికే ఎక్కువ ఇస్తాడు. తోమినదాన్ని ఎంత బాగున్నా ఒకటి రెండు మెట్లు కిందికి దించుతాడు. పూజకు ఒకటి రెండు అరిగిన రూపాయలు విడిగా పెట్టుకుని, వాటిని నిక్షేపంగా తోముకోండి. మిగతావాటిని ముట్టవద్దు. మట్టి ఉంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి. రబ్బరు బ్యాండు చుట్టకండి, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ సంచులు కొంతకాలానికి జిగురు కక్కుతాయి. నాణేలకని అమ్మే అట్ట చట్రాలు చవకే, అవి వాడండి. మోగించి చూడడం కూడా మానాలి. పూర్వం కిరాణా కొట్టువాళ్లు రాయి మీద వేసి మోగించేవారు, అంచులు నొక్కుకుపోయిన రూపాయలన్నీ ఆ పరీక్ష పాసైనవే. ఇప్పుడు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొంటే సరిపోతుంది.

ఇక బిళ్లల మోసాలు. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని, ‘ఒక అణా’ అని రాసి ఉండే రాగి బిళ్లలు మన ప్రాంతమంతా తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అణా నాణెం ఇంగ్లీషు ఇండియాలో వచ్చిందే 1900 దాటాక. అవి తీర్థాల్లో అమ్మిన తాయెత్తు బిళ్లలు. బియ్యాన్ని లాగే చెంబు, ఇరిడియం నాణెం అంటూ రైస్ పుల్లింగ్ పేరుతో జరిగేది పచ్చి మోసం, మన రెండు రాష్ట్రాల పోలీసులూ ఎన్నో కేసులు పట్టుకున్నారు. 2012 అని ఉన్న వైష్ణోదేవి అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలు వస్తాయన్నదీ అంతే. అవి లక్షల సంఖ్యలో చెలామణికి వదిలినవి.

మన సభ్యుడొకరి భార్య, భర్త పోయిన ఏడాది, తన దగ్గరున్న అలాంటి బిళ్ల ఫొటో పంపింది. అవతలివాడు లక్షల్లో ధర చెప్పి, రిజిస్ట్రేషన్ అని కొంత, పన్ను అని కొంత, రిజర్వు బ్యాంకు అనుమతి అని మరికొంత, నాలుగు విడతలుగా ఫ్యామిలీ పెన్షన్ డబ్బు లాగేశాడు. కొడుక్కి చెప్పడానికి సిగ్గుపడి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, ఎవరి నుంచీ కమిషన్ గానీ ఛార్జీలు గానీ తీసుకోదనీ చెప్పింది. నాణెం కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. అడిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల నంబరు. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు దొరకదు.

చట్టం సంగతి రెండు ముక్కలు. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. దేశం దాటించడం నేరం. అమ్మాయి డెలివరీకి న్యూజెర్సీ వెళ్తూ, అక్కడ అంకె వేయిద్దామని విక్టోరియా రూపాయి పర్సులో వేసుకుని వెళ్లకండి. హిజ్రీ 1343 వరకు ఉన్న చార్మినార్ రూపాయలన్నీ ఇప్పుడు ఈ చట్టం కిందికి వస్తాయి. ఏటా మరో సంవత్సరం నాణేలు చేరుతుంటాయి. రెండోది, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. పునాదులు తవ్వుతుంటే కుండలో నాణేలు దొరికితే కలెక్టరుగారికి తెలపాలి. మన చుట్టూ రోజూ తవ్వకాలే కాబట్టి చెబుతున్నాను. అన్నట్టు, శాతవాహనుల నాణేలు దొరికిన కొండాపూర్ మన పక్కనున్న ఈ కొండాపూర్ కాదు, సంగారెడ్డి దాటాక ఉన్నది. ఆ ఊళ్లో మ్యూజియం ఉంది. మన కొండాపూర్‌లో దొరికేవి అపార్టుమెంట్లే.

చివరగా, గుమాస్తాగా బతికినవాణ్ణి కాబట్టి ఒక ప్రొఫార్మా తయారుచేశాను. వరుస సంఖ్య, ఎవరి బొమ్మ, సంవత్సరం, బరువు గ్రాముల్లో, చిల్లు లేదా కొంకి ఉందా, ఎవరి నుంచి వచ్చింది. ఆఖరి గడి ముఖ్యం. తాతగారి తాలూకు అని మీకు తెలుసు, మీ కోడలికి తెలియదు. రెండు వైపులా ఫొటో తీయించి పక్కన అతికించండి. ఒక ప్రతి బ్యాంకు పాసుబుక్కు దగ్గర, ఒకటి పిల్లల దగ్గర ఉండాలి. అమ్మదలిస్తే ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపించండి. ఆనాటి వెండి ధరను పైన చెప్పిన మేలిమి గ్రాములతో హెచ్చవేసి చీటీ మీద రాసుకుని వెళ్లండి. అంతకన్నా తక్కువ చెబితే లేచి వచ్చేయండి.

ప్రొఫార్మా కాపీలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. త్రాసు, భూతద్దం నా దగ్గర ఉన్నాయి. నాణేలు తెచ్చినవారు భోజనాల తర్వాత వరుసగా రండి. ఏ నాణెమో, ఎంత అరిగిందో, ఎంత బరువో రాసి ఇస్తాను. ధర మాత్రం చెప్పను, కొనను కూడా. మొన్నటి సమావేశంలో ఒక రూపాయి బల్ల మీద మరిచిపోయారు. అది కార్యదర్శి గారి దగ్గర ఉంది. ద్వారంలో ఏ అక్షరం ఉందో చెప్పినవారు తీసుకువెళ్లవచ్చు.